ఖాలా ఆడిన కత్తి ఆట

ఖాలా పోయిందని హుజూర్‌నగర్ నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. దవాఖానకు తీసుకుపోయే లోపలే అయిపోయిందట. పెళ్లయిన కొత్తలో, తొంభైల నడుమ, మేం వాళ్లింట్లో రెండేళ్లు కిరాయికున్నాం. నాకు ఆమె ఇంటి ఓనరు కాదు, ఖాలానే, పిన్నమ్మ లెక్క. ఆ రోజంతా పని చేతికి రాలేదు. సాయంత్రం మా అమ్మాయిని అడిగి, ఖాలా, నేను కలిసి ఆడిన పాత వీడియో గేమ్‌ను కంప్యూటర్లో వెతికించుకున్నాను.

ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. వేలెడంత మనిషి, చేతిలో కత్తి ఉందని మనమే అనుకోవాలి. ఆ కత్తి విసరడం కూడా రాదు, పోయి శత్రువును ఢీకొట్టడమే యుద్ధం. ఆగకుండా ఒకటే పాట. ఎటు పోవాలో చెప్పే దిక్కు లేదు. అమ్మాయి పది నిమిషాలు చూసి, "ఇదెట్ల ఆడినవమ్మా," అని లేచిపోయింది.

ఎలా ఆడామంటే, ఖాలా ఓపికతో. ఆ గేమ్ డబ్బా ఆమె తమ్ముడు సౌదీ నుంచి ఆమె కొడుకు కోసం తెచ్చాడు. వాడు హైదరాబాద్ హాస్టల్‌కు పోయాక అది ఆమె చేతికొచ్చింది. మధ్యాహ్నం పూట కుట్టుమిషన్ ఆపి నన్ను పిలిచేది. నేను ఆత్రంగా దూసుకుపోయి చచ్చేదాన్ని. దెబ్బలు తిన్న మనిషిని గడ్డిలో కదలకుండా ఉంచితే బలం మెల్లగా నిండుతుంది. ఆమె అలా నిలబెట్టి, ఈలోగా రెండు జాకెట్లకు హుక్సులు కుట్టేది. "తొందరెందుకు బిడ్డా, జర నిలవడనియ్యి. పానం దానంతటదే వస్తది," అనేది. రంజాన్ నెలలో తాను నీళ్లు కూడా ముట్టకుండా ఉండి, ఆ బొమ్మను చూసి "పొద్దటి సంది తిరుగుతున్నడు, ఎంత ఆకలైతాందో" అని బాధపడేది.

ఆ రంజాన్‌కే ఆమెకు పట్టుదల వచ్చింది. అంతకుముందు సెలవుల్లో కొడుకు "అమ్మీ, నీతోని కాదు" అని ఆట పట్టించాడు. పండుగకు వాడు వచ్చేలోగా చివరి రాక్షసుణ్ణి చంపి చూపించాలనుకుంది. ఆటను సగంలో దాచుకునే వీలు ఆ డబ్బాలో లేదు. స్విచ్ ఆపితే మళ్లీ మొదటికే. అందుకని టీవీ మాత్రం ఆపి, డబ్బాను రెండు రోజులు అట్లాగే ఉంచింది. మా అదృష్టం, కరెంటు పోలేదు. పండుగ రేపనగా ఆమె మనిషి రాక్షసుడి కోట తలుపు దాకా చేరాడు.

ఆ మధ్యాహ్నం ఆమె నమాజు చదువుకోవడానికి లోపలికి పోయింది. మా గదిలో ప్లగ్గు లేదు, ఇస్త్రీకి వాళ్ల ముందరి గదికే పోయేదాన్ని. టీవీ ఆపే ఉంది కదా అని డబ్బా ప్లగ్గు పీకి ఇస్త్రీ పెట్టె పెట్టాను. మా ఆయన చొక్కా పూర్తయ్యాక గాని నేను చేసిన పని తెలియలేదు. గబగబా ప్లగ్గు మార్చి, ఆమె రాగానే, "ఇందాకటి సంది కరెంటు లేకుండె ఖాలా, ఇప్పుడే వచ్చింది," అన్నాను. ఆమె టీవీ పెట్టి చూసింది. ఆట మొదటికొచ్చి ఉంది.

"పోనీ బిడ్డా, కరెంటు మన చేతుల ఉన్నదా," అంది.

పండుగకు కొడుకొచ్చాడు, నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. పోతూ పోతూ వాడు డబ్బాను వెంట తీసుకుపోయాడు. తర్వాత మేం మహబూబ్‌నగర్ మారాం. ఎన్నిసార్లు కలిసినా ఆ అబద్ధాన్ని ఒప్పుకోలేకపోయాను, సిగ్గేసేది. ఇప్పుడు కంప్యూటర్లో ఆట ఎక్కడ ఆపితే అక్కడ దాచుకోవచ్చని అమ్మాయి చూపించింది. ఒక్క మీట నొక్కితే చాలు. అది చూసి నాకు ఏడుపాగలేదు.

మొన్న పలకరించడానికి పోయినప్పుడు ఆమె కొడుకుతో అంతా చెప్పేశాను. నలభై దాటిన మనిషి, తల వంచుకుని విన్నాడు.

"అమ్మీకి ఎరుకే అక్కా. గా పండుగ నాడే నాకు చెప్పింది. అక్కను అడగకురా, పరేషాన్ అయితది అన్నది."

ఎట్లా తెలిసిందో అతనికీ తెలియదు. తిరుగు బస్సులో నాకే గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం నేను గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, కుర్చీ మీద వదిలేసిన చొక్కాను ఆమె చేతిలోకి తీసుకుని, కాలర్ సరిచేసి, మడతపెట్టి నాకిచ్చింది. అది ఇంకా వేడిగా ఉంది.