సొలాంజ్ ఎంచిన దారి

ఆదివారం ఉదయం మదాం ఎర్నెస్టిన్ లోపావడాతో పెరట్లో కూర్చుని బాతు ఈకలు పీకుతుండగా, నలభై ఇద్దరు నిక్కర్లవాళ్లు ఆమెకు "బోంజూర్" అని ఫ్రెంచిలో నమస్కారం చెప్పుకుంటూ పరుగెత్తిపోయారు.

ఊరి పరుగుపందేనికి అందమైన దారి ఎంచేది సొలాంజ్. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. తను రోజూ నడిచిన అడ్డదారులనే పందేనికీ గీసిచ్చింది. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తానని మేయరు ముందే చెప్పాడు.

పందెం ముగియగానే ఆ మేయరు ఎదుటే ఎర్నెస్టిన్ సొలాంజ్ మీద విరుచుకుపడింది. "సిగ్గు లేదుటే? ఊరంతా నా లోపావడా చూసింది! నా పెరడు తప్ప నీకు దారే దొరకలేదా?"

అది దారి కాదని, ఒకరి పెరడని సొలాంజ్‌కు అప్పుడే తట్టింది. మేయరు వైపు ఓసారి చూసి, ఎర్నెస్టిన్ చెయ్యి పట్టుకుంది.

"ముప్పై ఏళ్లు ఈ ఊరంతా తిరిగానక్కా, నీ పెరటికంటే అందమైన చోటుంటే నువ్వే చూపించు!"