తవుడుకి అమ్మిన బిడ్డ

మా ఆయన స్టీమరెక్కిన మర్నాడే మా అత్త నా బిడ్డని అమ్మేసింది.

ఇలా చెబితే ఎవరైనా ముందు మా అత్తనే తిడతారు. తిట్టదగ్గ సంగతులు ఆవిడలో బోలెడున్నాయి, నేను కాదనను. కానీ ఇది వాటిలోది కాదు. అప్పటికే నాకు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ మూడు నెలలు నిండకుండానే పోయారు, ఇద్దరూ వాళ్ళ నాన్న నది మీద ఉండగానే పోయారు. ఆయన ఐరావతి మీద మండలే దాకా, ఒక్కోసారి ఇంకా పైకి భామో దాకా తిరిగే స్టీమరులో బొగ్గు వేసేవాడు. వెళ్ళేటప్పుడు దూలానికి ఉయ్యాల వేలాడుతుండేది, వచ్చేసరికి విప్పేసి ఉండేది. రెండోసారి అయితే ఆయన గుమ్మంలోనే నిలబడి పైకి దూలం వంక చూశాడు. కాళ్ళు కడుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు ఆ చూపంటే భయం. బిడ్డ పోతుందన్న భయం ఎంతో, ఆయన మళ్ళీ అలా పైకి చూస్తాడన్న భయమూ అంతే. మూడోవాడు పుట్టాక నా మొక్కు ఒక్కటే. ఈసారి ఆయన వచ్చేసరికి ఉయ్యాల్లో బిడ్డ ఉండాలి. ఆ తర్వాత సంగతి తర్వాత.

ఇది పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. రంగూనుని మా వాళ్ళు రంగం అనేవారు. పజుందౌంగ్ కాలువ ఒడ్డున బియ్యం మిల్లుల వెనక మా లైను ఉండేది. వరసగా చెక్క గదులు, వాటి ముందు ఒక మురుగు కాలవ, అందరికీ కలిపి ఒక కుళాయి. లైనంతా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన జనమే. మిల్లులో ఊక కాల్చిన మసి ఆరేసిన గుడ్డల మీద పడేది, అన్నం మీద పడేది, నిద్రపోతున్న బిడ్డ కనురెప్పల మీద పడేది. తుడిచిన చోటే మళ్ళీ తుడవాలి.

పుట్టినవాళ్ళు దక్కకపోతే మా వైపు ఒక పని చేస్తారు. బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద దొర్లించి, పిల్లలందరూ బతికున్న తల్లి ఎవరో చూసి, ఆవిడకి తవుడుకి అమ్మేస్తారు. అప్పట్నుంచి ఆ బిడ్డ మనది కాదు. పాలిస్తాం, పెంచుతాం, కానీ పరాయి బిడ్డని సాకుతున్నట్టే లెక్క. మన బిడ్డ కోసం వచ్చిన చావు, వీడు వీళ్ళవాడు కాదులే అనుకుని వెనక్కి పోతుందని నమ్మకం.

ఎవరికి అమ్మాలా అని మా అత్త లైను ఈ కొస నుంచి ఆ కొస దాకా గది గదికీ మనుషుల్ని తలుచుకుంటూ వచ్చింది. పక్కన కూర్చుని నేనూ తలుచుకున్నాను. ఒకావిడ చంటిదాన్ని పోగొట్టుకుంది. ఒకావిడ కవలల్ని పోగొట్టుకుంది. ఒకావిడ పెద్దాడు నడక వచ్చాక పోయాడు. పిల్లని పోగొట్టుకోని తల్లి మా లైను మొత్తం మీద ఒక్కర్తీ లేదు. రోజూ వాళ్ళతోనే కుళాయి దగ్గర పోట్లాడుకుంటూ అన్నాళ్ళూ ఆ సంగతే నాకు తోచలేదు.

"బాతుల బర్మావిడ ఉంది కదే," అంది అత్త చివరికి.

లైను వెనక కాలువ గట్టు మీద ఒక బర్మా కుటుంబం ఉండేది. ఆవిడ బాతులు పెంచేది. మొగుడు పడవలో జనాన్ని దలా రేవుకి దాటించేవాడు. ఐదుగురు పిల్లలు, ఐదుగురూ గుండ్రాళ్ళలా ఉండేవారు. మా గదులకి గుడ్లు అమ్మీ అమ్మీ ఆవిడకి మా మాటలు నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి. బాతులకి మేతగా మిల్లు తవుడు ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది.

"మన బాస రాని మనిసికి ఎలగమ్ముతాం అత్తా?" అన్నాను.

"రాకపోతే ఏటి? దాని కడుపు సల్లగుంది. మనకి కావలిసింది అదీ. సావుకి బాస ఉంటాదేటి?"

"మరి ఆ వొచ్చింది, ఈడు మనోడు కాదనుకుని ఉత్త సేతుల్తో ఎల్లిపోతాదా?"

"నీ నోట్లో మన్నెయ్య," అంది అత్త. "సేట తే."

బాతుల పెంట మీద చేటని అటూ ఇటూ దొర్లిస్తుంటే ఆ బర్మావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. పిల్లలు కూడా చుట్టూ మూగి నవ్వారు. అప్పుడు నేను రెండు వేళ్ళు చూపించి, నేల వైపు చూపించాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇద్దరా అన్నట్టు చూసింది. అవునన్నాను. ఎందుకు అమ్ముతున్నామో వచ్చిన మాటల్లో, చేతుల్లో చెప్పాను, దాచిందేమీ లేదు. ఆవిడ లోపలికి పోయి తవుడు తెచ్చి నా కొంగులో పోసింది. చేటలోంచి బిడ్డని ఎత్తుకుని బుగ్గకి ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చింది. బర్మావాళ్ళ ముద్దు అంతే.

"ఇంక నా కొడుకు," అంది. "నువ్వు పాలు ఇయ్యి. అమ్మ నేను."

మా ఊళ్ళలో అయితే కొన్నావిడ ఆ సాయంత్రానికల్లా మర్చిపోతుంది. అదొక తంతు, అంతే. ఈవిడా మర్చిపోతుందనుకున్నాం. అక్కడే పొరబడ్డాం.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చెట్టుబెరడు అరగదీసిన పచ్చటి గంధం వాడి బుగ్గలకి రాసేది. చంకల కింద చెమటకాయలు లేస్తే నన్ను కూకలేసేది. నీళ్ళు ఇంత వేడిగానా పోసేది అనేది. నా ఒళ్ళు మండిపోయేది. నా బిడ్డకి నీళ్ళు పోయడం నాకు నేర్పడానికి నువ్వెవతివి అని నాలుక చివరి దాకా వచ్చేది. వెనక నుంచి అత్త నా నడుం మీద గిల్లేది. 'నా బిడ్డ' అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. గిల్లుళ్ళకి నా నడుం కమిలిపోయింది.

ఆవిడతో పాటు కడగొట్టు పిల్ల వచ్చేది. మూడేళ్ళుంటాయేమో. మా వాణ్ణి 'మౌంగ్‌లే' అని పిలిచేది, తమ్ముడని. ఉయ్యాల తాడు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి ఊపేది. దాన్ని చూస్తే మాత్రం నాకు కోపం వచ్చేది కాదు. ఒకరోజు మా అత్త ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి, దాన్నే చూస్తూ చాలాసేపు తియ్యలేదు. ఎందుకత్తా అలా చూస్తావు అంటే, ఊరికే అంది.

బిడ్డకి మూడు నెలలు దాటాయి. మా ఇంట్లో అన్నాళ్ళు బతికిన బిడ్డ అప్పటిదాకా లేడు. రావలసిన స్టీమరు మాత్రం రాలేదు. ఇంకో స్టీమరు నుంచి దిగిన మా వైపు మనిషొకడు కబురు తెచ్చాడు. భామో దిగువన ఇసుక మేట ఎక్కిందట, వానలు పడి నది పొంగితే గానీ కదలదట. నేను రోజూ ఆకాశం వంక చూడ్డం మొదలుపెట్టాను. అత్త కూడా చూసేది గానీ ఆవిడ మొహం వేరుగా ఉండేది.

"వాన కోసం అంతలా సూడకు. వాన ఒక్కర్తీ రాదు ఇక్కడ," అంది.

నిజమే. మొదటి వానకే మురుగు పొంగి కుళాయి గట్టు మునిగింది. ఆ వారంలోనే లైను చివర ముసలాయన వాంతిభేదితో పోయాడు. తర్వాత రెండు గదులవతల ఒక పిల్లాడు. మునిసిపాలిటీ మనుషులొచ్చి కాలవలో తెల్లపొడి చల్లి పోయారు. ఆ ఘాటుకి కళ్ళు మండేవి. నేను నీళ్ళు కాచనిదే గుక్కెడు తాగలేదు. తలుపు దగ్గరగా వేసి పొగలోనే కూర్చున్నాను. అంతా గాలిలో దీపమే, నాకు తెలుసు. తెలిసినా చేతులు కట్టుకుని కూర్చోలేం కదా.

ఒకనాడు పొద్దున్న బిడ్డ పాలు కక్కేశాడు. మళ్ళీ కక్కాడు. కింద గుడ్డలు తడిసిపోయాయి, బియ్యం కడిగిన నీళ్ళలా. నాకు ఆ రంగు తెలుసు, ముసలాయన ఇంటి ముందు చూశాను. అదేరోజు మధ్యాహ్నానికి గట్టు మీద ఆవిడ కడగొట్టు పిల్లకీ పట్టుకుంది.

ఆవిడ ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగింది. అక్కడ కూతురి దగ్గర పెద్దదాన్ని కూర్చోబెట్టి, ఇక్కడికొచ్చి ఉప్పు వేసిన పల్చటి గంజి గుడ్డపేలికతో వీడి నోట్లో పిండేది. మళ్ళీ పరుగెత్తేది. మా వైపు అక్కని పిలిచినట్టు, నీ పిల్ల దగ్గర ఉండు అప్పా, ఇక్కడ నేనున్నాను అన్నాను. ఇతను కూడా నా పిల్లే అంది. విసుగ్గానే అంది, తెలిసిన సంగతి మళ్ళీ ఎందుకు చెప్పిస్తావన్నట్టు.

రెండోనాటికి వాడు కొంచెం తేరుకున్నాడు. ఒంటికి పోశాడు. ఆ తడి నా ఒళ్ళో వెచ్చగా తగిలితే నేను గట్టిగా ఏడ్చేశాను. అప్పుడే అత్త కుళాయి దగ్గర నుంచి వచ్చింది. బిందె దించి, తలుపు దగ్గరగా వేసి, మెల్లిగా అంది.

"ఆ గుంటకి కళ్ళు లోపలికెల్లిపోనాయట. మాట నేదట." ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు చుట్టూ చూసింది. "అటు తిరిగిందే."

చేతిలో ఉన్న గ్లాసు విసిరికొట్టాను. "ఆ మాటనకు అత్తా. నా ఎదర అనకు."

"నానంటే ఏటి, అనకపోతే ఏటి," అంది ఆవిడ. గ్లాసు తీసి కడిగి బోర్లించింది.

కోపమేమో అత్త మీద చూపించాను గానీ, లోపల నాకు ప్రాణం లేచి వచ్చింది. వీడు బతుకుతాడు అనుకున్నాను. ఆ వెంటనే, తనకి కావలసింది ఏ ఇంట్లో తీసుకోవాలో చూసుకుంటున్నట్టుగా, ఏదో మా రెండిళ్ళ మధ్య నిలబడి ఉందని నాకనిపించింది. వాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆయన వచ్చాడు. నది పొంగి స్టీమరు తేలిందట. ఒళ్ళంతా మసి, గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. గుమ్మంలో నిలబడి నా వంక చూడలేదు, అత్త వంక చూడలేదు. తల ఎత్తి దూలం వంక చూశాడు. ఉయ్యాల ఉంది. అందులో బరువుంది.

వచ్చి చెయ్యి లోపల పెట్టాడు. మా వాడు ఆ నల్లటి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు.

"ఉన్నాడే," అన్నాడు ఆయన. నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు మళ్ళీ అన్నాడు. "ఏటే, ఈడు ఉన్నాడు."

ఎత్తుకున్నాడు. మసి చేతుల్తో ఎత్తుకున్నా నేనేమీ అనలేదు. ఆ మనిషి మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నా కోరిక తీరింది. ఆ కాసేపూ నాకు ఇంకేమీ గుర్తు రాలేదు.

అంతలో గట్టు మీద నుంచి ఏడుపు లేచింది. ముందు ఒక్క గొంతే, తర్వాత పిల్లల గొంతులు కలిశాయి. బాతులు బెదిరి అరిచాయి.

"ఎవులే అది, అలగ ఏడుత్తన్నారు?" అన్నాడు ఆయన.

"ఎవులో బర్మావోల్లు. తలుపెయ్యి," అంది అత్త.

"ఈడి తల్లి," అన్నాను నేను.

ఆయనకి అర్థం కాలేదు. ఆయన వెళ్ళిన మర్నాడు జరిగిన సంగతి ఆయనకెలా తెలుస్తుంది. గబగబా చెప్పాను. చెప్పి బిడ్డ కోసం చేతులు చాపాను. అత్త తలుపుకి అడ్డంగా నిలబడింది.

"బుద్దుందా నీకు? దాని పిల్ల పోయింది. ఇంక అమ్మకం సెల్లదు, ఈడు మనోడే. ఇప్పుడు ఆ ఇంటికి తీసుకెల్తే, ఆ వొచ్చింది ఈడెంటే వచ్చీత్తాది. ఇద్దర్ని పాతీసినాం, సాలదా?"

ఆవిడది మూఢత్వం అని తీసిపారేయడానికి నాకు నోరు రాలేదు. నేనూ అదే నమ్మాను. దానికి తోడు అది వాంతిభేది పడిన ఇల్లు.

"నాను ఇప్పుడే సూశానే," అన్నాడు ఆయన. "ఒక్క పూటైనా ఎత్తుకోనీ. రేపెల్లు."

"తన పిల్లని వొదిలేసి ఈడికి గంజి పోసింది," అన్నాను. "రేపు ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?"

ఆయన చేతులు ముందు బిగుసుకున్నాయి. తర్వాత వదిలాయి. అత్తని ఆయనే పక్కకి జరిపాడు.

గట్టు మీదికి వెళ్ళేసరికి పిల్లని చాప మీద పడుకోబెట్టి ఉంది. చుట్టూ ఉన్న బర్మా ఆడవాళ్ళు నన్ను, నా చంకలో బతికున్న బిడ్డని చూసి మాటలు ఆపేశారు. శపిస్తే పడాలి అనుకుంటూనే వచ్చాను. వీడి మీద ఉమ్మేసినా పడాలి. ఆవిడ తలెత్తి వాణ్ణి చూసింది. కళ్ళ దగ్గర నుంచి పాదాల దాకా తడిమి తడిమి చూసింది.

"పాలు తాగాడా?" అంది.

"లేదప్పా. వాళ్ళ నాన్న వచ్చాడు, ఆ సందట్లో…"

"ముందు పాలు ఇయ్యి," అంది ఆవిడ, పక్కకి జరిగి నాకు చోటు చేస్తూ. నేను కూర్చున్నాను. చచ్చిపోయిన కూతురి పాదం మీద ఒక చెయ్యి ఉంచి, వాడు తాగడం అయ్యేదాకా ఆవిడ అలా చూస్తూనే ఉంది.