జమ్మలమడుగు వంటింటి పొగ

దయ్యాలున్నాయంటే నేను ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా అమ్మమ్మ దయ్యాల కథలు చెబుతుంటే మధ్యలోనే నవ్వి తిట్లు తిన్న రకాన్ని. అయినా ఆ జమ్మలమడుగు ఇల్లు తలుచుకుంటే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో మాట. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు బదిలీ అయితే, ఓబులయ్య అనే ఆసామి తన ఇంటిని ఆనుకుని ఉన్న మట్టిమిద్దెను మాకు బాడుగకిచ్చాడు. మధ్యలో ఒక గోడ, పెరడు మాత్రం ఒకటే.

మా వైపు మిద్దెల్లో పొయ్యికి నేరుగా పైన, కప్పులో ఒక రంధ్రం వదులుతారు. దాన్ని గవాచి అంటాం. పొగ పోవడానికైనా వెలుతురు రావడానికైనా అదే దారి. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దానిమీద బండ మూయాలి, వాన వెలిశాక మళ్ళీ ఎక్కి తీయాలి. ఈ వంటింట్లో నాకు గవాచి కనబడలేదు. కప్పంతా మసి పట్టి ఉంది. ఏది దూలమో ఏది బండో తెలియనంత నలుపు.

పొయ్యి వెలిగించిన మొదటి రోజే నా బతుకేమిటో అర్థమైంది. పొగ లేచి కప్పుదాకా పోయేది. అక్కడ కాసేపు తచ్చాడి, తిరిగి కిందికి దిగి ఇల్లంతా పరుచుకునేది. ఎంత ఎండిన కంది కట్టె పెట్టినా అంతే.

మా సరోజకు అప్పుడు నాలుగేళ్ళు. ముందు దగ్గు వచ్చింది, తర్వాత పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. ప్రొద్దుటూరు తీసుకుపోతే డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఆ పొగలోనే ఉంచితే పిల్ల దక్కదని. అక్కడే మా అమ్మ దగ్గర వదిలేసి వచ్చాను. బస్సెక్కుతుంటే కొంగు పట్టుకుని వదల్లేదు. కన్నపిల్లను నా ఇంట్లో పెట్టుకునే రాత నాకు లేకపోయింది, ఒక పొయ్యి వల్ల.

ఓబులయ్యకు చెప్పాను. ఆయన గుమ్మం బయటే నిలబడి తలపాగా సర్దుకుంటూ, "ఇన్నేండ్లు ఈడ వండినోళ్ళకు రాని పొగ నీకే వస్తాందా అమ్మయ్యా? కట్టె ఎగదోసేది తెలియాల," అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచి పొయ్యి దగ్గరే బతుకు. కట్టె ఎగదోయడం నాకు ఈయన నేర్పాలి! మా ఆయనేమో "సర్దుకుపోరాదా" అన్నాడు. వేళకు కంచం ముందుకు వస్తుంటే ఎవరైనా అలాగే అంటారు.

బేల్దారి మేస్త్రీని పిలిపించాను. అతను గండికోట వైపు నుంచి గాలి ఎదురు కొడుతోందని చెప్పి, పాత పొయ్యి పడగొట్టి, మూతి తూర్పుకు తిప్పి కొత్తది కట్టాడు. పొగ తూర్పు నుంచి వచ్చింది, అంతే తేడా. కప్పుకు గవాచి పెట్టించమని అడిగితే ఓబులయ్య గయ్యిమన్నాడు. "మిద్దెకు బొక్క పెడితే కురుస్తాది. ఆ మాట ఇంగ ఎత్తాకు."

ఆ తర్వాత కొన్నాళ్ళకు సూర్యగ్రహణం పట్టింది. గ్రహణానికి పొయ్యి ముట్టించం కదా. తెల్లవారుజామునే వంట ముగించి, బూడిదంతా ఎత్తిపోసి, నీళ్ళు చల్లి, పొయ్యిని పేడతో అలికాను. కుండల మీద దర్భలు వేసి ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను. మా ఆయన కచేరీకి పోయాడు. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

గ్రహణం విడవక ముందే పొగ వాసన వచ్చింది. అది నా కంది కట్టె వాసన కాదు. వానకు తడిసిన తుమ్మ కట్టె కాలితే వచ్చే ఘాటు. అప్పటికి నెలల తరబడి చినుకు లేదు. లేచి చూస్తే వంటింటి నిండా పొగ.

పెరట్లోంచి ఓబులయ్య భార్య నాగమ్మ కేకలు పెడుతూ వచ్చింది. "గ్రహణంలో పొయ్యి ముట్టిస్తావా? ఏం మనిషివమ్మా నువ్వు?"

నాకు తిక్క రేగింది. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, ఆ చేతినే పొయ్యిలో పెట్టించాను. పేడ తడి ఇంకా ఆరలేదు. చల్లగా ఉంది. పొగ మాత్రం మా తలల మీద తిరుగుతూనే ఉంది. నాగమ్మ ఉన్నచోటే కూలబడింది.

"ఇది మా కోడలు ఆదిలక్ష్మి వండిన వంటిల్లమ్మా," అని ఏడుస్తూ చెప్పింది. "వాన వస్తే అదే మిద్దెక్కి గవాచి మూస్తాండె. వీధిలో ఎవడో చూసి ఏందో కూసినాడంట. మా ఇంటాయనకు రోసమొచ్చి, అది మళ్ళా ఎక్కకుండా బండేసి పైన చౌడు మన్ను కప్పిచ్చినాడు. బండ తీపియ్యండని ఆ పిల్ల శానా మొత్తుకునింది. మా కొడుకు నోరు మెదపల్యా. రెండేండ్లు దగ్గి దగ్గి పోయింది."

గవాచి ఉంది! ఉండీ ఒక ఆడపిల్లను పొగలో చంపారు. నా బిడ్డను కూడా అదే పొగలో పెట్టి, నాకు కట్టె ఎగదోయడం రాదన్నారు.

గడ్డపార తీసుకుని నిచ్చెన వేశాను. అప్పుడే గ్రహణం విడిచింది. జనం విడుపు స్నానానికి పెన్నకు పోతున్నారు, వీధి వీధంతా తలెత్తి నన్నే చూసింది. ఓబులయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఆడది మిద్దెక్కేదేంది? దిగు!"

"నువ్వు ఎక్కింటే నేనెందుకు ఎక్కుతాను మామా?" అని పైనుంచే అరిచాను.

చౌడు రాయిలా గట్టిపడి ఉంది. చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వితే బండ తగిలింది. గడ్డపారతో ఎత్తి పక్కకు దొర్లించాను. కిందినుంచి పొగ నిలువుగా లేచింది, వెచ్చగా నా ముఖానికి తగిలింది. అదే తడి తుమ్మ కట్టె వాసన.

పొగ వెనకే వంటింట్లోంచి దగ్గు వినిపించింది. ఆడమనిషి దగ్గు, రెండుసార్లు. తర్వాత దగ్గు తెరిపిచ్చాక తీసుకునేలాంటి నిండు ఊపిరి ఒకటి. వంగి గవాచిలోంచి చూశాను. అలికిన పొయ్యి మీద ఎండ పడుతోంది. లోపల ఎవరూ లేరు.

నేను భ్రమపడ్డాననుకుందాం. మరి నా వెనకే బయటికి వచ్చి పెరట్లో నిలబడ్డ నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని "ఆదీ, ఆదీ" అని ఎందుకు గుండెలు బాదుకుంది? గోడ అవతలి నుంచి రెండేళ్ళు ఆ దగ్గు విన్న మనిషి ఆమె. ఓబులయ్య నిచ్చెన దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లోకి పొగ రాలేదు. సరోజను తెచ్చుకున్నాను. పిల్లికూతలు మెల్లగా తగ్గిపోయాయి. వాన పడ్డప్పుడల్లా నేనే మిద్దెక్కి బండ మూసేదాన్ని, వెలిశాక తీసేదాన్ని. వీధిలో చూసేవాళ్ళు చూశారు, కూసేవాళ్ళు కూశారు. బదిలీ అయ్యేదాకా ఎక్కుతూనే ఉన్నాను.

చల్లారిన పొయ్యిలో పొగ ఎలా పుట్టిందని చదువుకున్నవాళ్ళను చాలామందిని అడిగాను. మసి రాలిందన్నారు, పక్కింటి పొగ అన్నారు. గ్రహణం రోజు ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుందో వాళ్ళే చెప్పాలి. ఆ పొగ ఎక్కడిదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ బండ వేయించిందెవరో మాత్రం తెలుసు.