పాతర జొన్నల మీద నేనాడిన అబద్ధం

నేనన్న ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. దానివల్ల తిండి సహించలేదని చెప్తే మీరు నమ్మొద్దు. బాగానే తిన్నాను, బొజ్జ కూడా పెంచాను. కానీ ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడల్లా సుంకన్న గుర్తొస్తాడు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

తెల్లదొరల కాలంలో సుంకన్న, నేను కర్నూలులో ఒకే సర్కారు కచేరీలో గుమాస్తాలం. పట్నానికి ధాన్యం ఎక్కడినుంచి వస్తుంది, ఎంత వస్తుంది అని చూసే పని మాది. నేను ముందు చేరాను, వాడు తర్వాత వచ్చాడు. వాడిది నేతవాళ్ల ఇల్లు. వానల్లేని ఏడాది చీరలు కొనేవాళ్లుండరు, జొన్నల ధర మాత్రం కొండెక్కుతుంది. ఆ ఆకలి చిన్నప్పుడే చూసినందుకేమో, వాడికొక ఆలోచన వచ్చింది. పట్నం బర్మా బియ్యాన్నే నమ్ముకుని ఉండకూడదని, పంట బాగా పండిన ఏడాది జొన్నలు కొని ఊరి బయట పాతర్లు తవ్వించి దాచాలని, కరువొచ్చినప్పుడు తీసి పంచాలని. ఏటా కొన్ని నింపుతూ పోతే పదేళ్లకు పట్నం ఎవరి దయ కోసమూ చూడక్కర్లేదనేవాడు.

కోస్తా నుంచి వచ్చిన మా ఆఫీసరుకు ఆ మాట ఎంతో నచ్చింది. వాణ్ణి పిలిచి కుర్చీ వేయించాడు. అంతవరకు ఆ గదిలో గుమాస్తా అనేవాడు కూర్చోలేదు. నేను పక్కన నిలబడి ఉన్నాను. కళ్లు కుట్టాయి. కుట్టాయని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు ఒళ్లంతా భగ్గున మండింది. మాది సేద్యం చేసే ఇల్లు. మా వాకిట్లోనే పాతర ఉండేది, దాని మీద ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. ఆ ఆలోచన నాకెందుకు రాలేదు? మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాడికి ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్నకు నాకు నచ్చే జవాబు ఎన్నడూ దొరకలేదు, దొరకనందుకు కూడా వాణ్ణే తిట్టుకున్నాను.

ముందు ఒక పాతర నింపి చూద్దామన్నారు పైవాళ్లు. గింజ చెడకుండా నిలిస్తే మిగతావాటికి మంజూరు ఇస్తామన్నారు. గోతిలో చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, మట్టితో కప్పారు. రెండేళ్లకు తీశారు.

పాతర జొన్నల సంగతి మా తట్టు అందరికీ తెలుసు. తీసిన రోజు ముక్కు మూసుకోవాల్సిందే. అంచుల్లో ఉన్న గింజ పచ్చబారి పుల్లటి వాసన కొడుతుంది. కొన్నాళ్లు ఎండబోస్తే వాసన చాలావరకు పోతుంది, మిగిలిన కాస్త వాసనతోనే సంగటి చేసుకుంటాం. మా నాయనకైతే ఆ వాసన లేని సంగటి రుచించేదే కాదు. ఆఫీసరేమో వరి అన్నం తిని పెరిగినవాడు. ఎండేదాకా ఆగమని సుంకన్న బతిమాలినా వినకుండా, పాతర తీసిన రోజే వచ్చాడు. గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేశాడు. ఎండితే పోతుందయ్యా అని సుంకన్న అంటూనే ఉన్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"నువ్వు రైతు బిడ్డవి కదా. ఇవి మీ ఇళ్లల్లో తింటారా?"

అవునంటే చాలు. ఒక్క మాట. అంతమందిలో ఆయన నన్నే అడిగాడు, ఎట్టకేలకు నన్నడిగాడు.

"లేదయ్యా. ఇట్లాంటియి మేం గొడ్లకేస్తాం."

తింటారని, అందరూ తింటారని సుంకన్న మళ్లీ మళ్లీ చెప్పాడు. మగ్గం నేసే ఇంటివాడికి గింజ సంగతి ఏం తెలుస్తుందనుకున్నాడు ఆఫీసరు. తవ్విన కూలీలు పెద్దవాళ్ల మధ్య నోరు విప్పలేదు. ఆయన వెళ్లిపోయాక సుంకన్న నా దగ్గరకొచ్చాడు. గొంతు కూడా పెంచలేదు.

"నీకు నేనేం జేసినానప్పా?"

"నాకు తెలిసింది చెప్పినా," అన్నాను.

ఆ జొన్నలు గొడ్ల మేతకు అమ్మేశారు. పాతర్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సర్కారు సొమ్ము పాడుచేశాడని సుంకన్నను దూరపు తాలూకాకు తోసేశారు. నాకు సంతోషం వేసిందా? వేసింది. మీ దగ్గర దాచేదేముంది? ఆ రోజు సాయంత్రం మిఠాయి కొనుక్కుని ఇంటికెళ్లాను.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం ముదిరి, జపానువాళ్లు బర్మాను పట్టుకోవడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. వానలూ మొహం చాటేశాయి. రేషను దుకాణాల అజమాయిషీకి నన్నే పెట్టారు. ఆడవాళ్లు తెల్లవారకముందే సంచులతో వచ్చి నిలబడేవాళ్లు. సగం మందికి అందకముందే బస్తాలు ఖాళీ అయ్యేవి. ఒకరోజు పిల్లను చంకనేసుకున్న ఒకామె, పుచ్చిపోయినవైనా సరే, నేల ఊడ్చినవైనా సరే, నాలుగు జొన్నలు పెట్టమని అడిగింది. లేవని పంపించేశాను.

అసలు ఒప్పుకోవాల్సింది ఇప్పుడు చెప్తాను. ఆమె వెనక్కి వెళ్తుంటే నాకు ముందు తట్టింది ఆమె ఆకలి కాదు, చంకలో పిల్ల ఆకలీ కాదు. సుంకన్న చెప్పిందే నిజమైందని ఎవరైనా అంటారేమోనని భయమేసింది. చుట్టూ చూశాను. ఎవరూ అనలేదు. వాడి పేరే ఎవరికీ గుర్తులేదు. హమ్మయ్య అనుకున్నాను.

సుంకన్న ఇప్పుడు లేడు. ఆమె ఎవరో, ఆ పిల్ల ఏమైందో తెలియదు. మీరు క్షమిస్తే సరిపోదు, ఆకలితో నిలబడింది మీరు కాదు. పాతర జొన్నలు తింటామయ్యా. మా ఇంట్లో తిన్నాం. ఆ కరువులో పట్నమంతా పస్తులుంటే కూడా, ఊరినుంచి మూట తెప్పించుకుని, తలుపేసుకుని తిన్నాం. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇది. ఇప్పటికి చెప్పాను.