యాకోబు సారు వినని పాట

బెల్లంపల్లి బొగ్గు గని లాంపురూములో ఇరవై ఏళ్ళకు పైగా దీపాలు పంచి, మా క్రైస్తవ సంఘానికి పాట నేర్పిన యాకోబు సారు గత శనివారం మధ్యాహ్నం కన్నుమూశారు. ఆ వార్త తెచ్చింది సారు పొరుగింటి రాజయ్య. బడి గదిలో పదకొండు మందిమి పాట అభ్యాసం చేస్తున్నాం. రాజయ్య గుమ్మంలో నిలబడి, "ఇగ ఆపు బిడ్డా. సారు పోయిండు" అన్నాడు. నేను నమ్మలేదు. పైగా ఆయన మీదనే గయ్యిమన్నాను. "పొద్దుగాల గంజి తాగిండని మార్తమ్మ చెప్పింది గదా!" అని వాదించాను. మార్తమ్మ సారు భార్య. మనిషి పోయాడంటే గంజి తాగాడు కదా అని వాదించే పిచ్చిది లోకంలో నేనొక్కదాన్నే ఉంటాను.

సంఘ పత్రికవారు సారును గురించి నాలుగు మాటలు రాయమన్నారు. సౌజన్యమూర్తి, నాదోపాసకుడు, నిరాడంబరుడు అని మూడు విశేషణాలు రాసి దస్తఖతు పెడితే నన్నెవరూ తప్పుపట్టరు. మూడూ నిజమే. అయితే ఆయన పట్ల నేను చేసిన పని ఒకటుంది. అది దాచి ఆయనకు శ్రద్ధాంజలి ఘటించడం నా వల్ల కాదు. కనుక అన్నీ వరుసగా చెబుతాను.

సారు పుట్టింది సుల్తానాబాదు పక్క పల్లెలో, మిషను సంఘంలో చేరిన కూలీల ఇంట. మిషను బడిలో చదువూ, స్వరం చూసి పాడే విద్యా అలవడ్డాయి. నిజాము కాలంలోనే బెల్లంపల్లికి వచ్చి కంపెనీలో కుదిరారు. మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటాం. బాయి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళను లాంపురూము కిటికీలో ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఆ కిటికీ వెనక సారు తలెత్తకుండా కూర్చునేవారు. ముఖం చూడనవసరం లేదు, గొంతు వింటే చాలు, మనిషిని పోల్చేవారు.

ఒకనాడు రాజయ్య బిళ్ళ పెడితే సారు దీపం ఇవ్వలేదు. "నీ గొంతు ఇయ్యాల సక్కగ లేదు. ఇంటికి పో" అన్నారు. రాజయ్యకు ఒళ్ళు మండింది. "నాకేమైంది సారూ, గుండు లెక్క ఉన్న. నీకు డాక్టరు నౌకరి ఎప్పుడిచ్చిన్రు?" అని అందరి ముందూ కసిరి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చలిజ్వరం పట్టి మూడు దుప్పట్ల కింద వణుకుతున్నాడు. జ్వరం తగ్గిన మర్నాడే రాజయ్య సారు వాకిట్లో ప్రత్యక్షం. "జరమొస్తదని నాకు ఎరుక లేకుండె, నీకెట్ల ఎరుకైంది సారూ?" అని అడిగితే, "నువ్వు మాట్లాడుతవు రాజయ్యా, నేను చెవిపెట్టి ఇంట" అన్నారట. అప్పటినుంచి రాజయ్య మొక్కేది మల్లన్నకు, వినేది సారు పెట్టె.

ఆ పెట్టె సంగతి. పోలీసు యాక్షను తర్వాత మిషను దొరసాని ఒకామె స్వదేశానికి వెళ్ళిపోతూ, స్ప్రింగు తెగి మూలన పడ్డ గ్రామఫోనునూ, పదకొండు రికార్డులనూ సారుకు అప్పగించింది. అన్నీ క్రిస్మస్ గానాలే. ఏది ఎన్ని వందల ఏళ్ళనాటిదో ప్రతి సంచి మీదా పెన్సిలుతో రాసి ఉంది. సారే కొత్త స్ప్రింగు సంపాదించి, పెట్టె విప్పి బిగించారు. డిసెంబరు నెలలో ప్రతి శనివారం, మొదటి షిఫ్టు దిగి స్నానాలు చేశాక, సారు క్వార్టరు వాకిట్లో చాపలు పరిచేవారు. క్రైస్తవులూ కానివాళ్ళూ అందరూ వచ్చేవారు. మార్తమ్మ పెద్ద గిన్నెలో చాయ కాచేది. రికార్డు తిరుగుతున్నంతసేపు చాయ తాగకూడదు, ఎందుకంటే జుర్రుమని చప్పుడవుతుంది.

సారు ఎప్పుడూ వయసు వరుసనే పెట్టేవారు. మొదట ఎనిమిది వందల ఏళ్ళనాటి సన్యాసుల గానం. వాద్యం లేదు, అందరిదీ ఒకటే స్వరం. తర్వాత నాలుగు వందల ఏళ్ళ కిందటిది, అందులో ఒక గొంతు మొదలుపెడితే దాని వెనక మరొకటి, దాని వెనక ఇంకొకటి చేరుతుంది. ఆపైన రెండు వందల ఏళ్ళనాటి జర్మనీ బృందగానం, బాకాలూ ఆర్గానూ కలిసి గోడలదిరేలా. చివర మన కాలానిది, తల్లి బిడ్డను ఊపుతున్నంత మెత్తనిది. ఒక్కొక్కటి ఆగగానే, పెట్టెకు మళ్ళీ చావి తిప్పకముందే సారు ఎవరో ఒకరి వైపు చూసి, "నీకేం ఇనవడ్డది?" అని అడిగేవారు. బాగుంది అంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుందని కూరకు చెప్పు. దీంట్ల ఏం ఇన్నవో చెప్పు."

రాజయ్య జవాబులు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. సన్యాసుల గానం విని, "అందరు ఒక్కటే పాడుతుండ్రు గని, ఒగలనొగలు నూకుతలేరు సారూ" అన్నాడు. రెండోది విని, "షిఫ్టు ఎక్కుతున్నట్టున్నది. ఒగని ఎంక ఒగడు, ఎవ్వని దీపం వానిదే" అన్నాడు. నేను తర్వాత హైదరాబాదులో సంగీత పాఠాలు చదివాను. అంతకన్నా మంచి వ్యాఖ్యానం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

జర్మనీ బృందగానంలో పిల్లల గొంతులు బొంగురుగా, మగవాళ్ళ గొంతుల్లా ఉండేవి. "సారూ, పిల్లలకు గా గొంతేంది?" అని మా బాపు, అంటే మా నాన్న, అడిగాడు. బాపు బాయిలో బొగ్గు నింపేవాడు, పాటల గుంపులో మంద్రస్వరం వాళ్ళలో ముందువరుస. సారు ఆలోచించి, "చలి దేశం గదా మల్లేశూ. పోరగాండ్ల గొంతులు రాసుకపోతయి" అన్నారు. మేమంతా పాపం అనుకున్నాం. మా అవ్వ అయితే, ఆ పిల్లలకు ఎవరైనా మిరియాల కషాయం పొయ్యరా అని బాధపడింది.

ఆ బృందగానాన్నే సారు వాక్యం వాక్యం విని, స్వరాలు రాసి, గొల్లలకు దూత చెప్పిన మాటలను తెలుగులో పెట్టి మాకు నేర్పారు. నిదానంగా, గంభీరంగా సాగే పాట. బొగ్గు దుమ్ము మింగిన ఛాతీలకు అంత పొడుగు స్వరాలు నిలపడం కష్టం. అందుకు సారు ఒక పద్ధతి పెట్టారు. "నీ పక్కోడు ఊపిరి తీస్కునేటప్పుడు నువ్వు తీస్కోకు. వాడు పట్టుకున్నంక నువ్వు ఇడువు." అలా వంతులవారీగా ఊపిరి తీసుకుంటే వినేవాళ్ళకు పాట ఎక్కడా తెగదు. పది క్రిస్మస్‌లు ఆ పాట పాడాం. చెన్నూరు నుంచి బండ్లు కట్టుకుని విననొచ్చేవారు. గుడిలో దగ్గు కూడా వినిపించేది కాదు.

ఇక నా నిర్వాకం. ఉపాధ్యాయ శిక్షణకు నన్ను హైదరాబాదు పంపించారు. అక్కడ డిసెంబరులో మా పాఠశాలలో కరెంటు గ్రామఫోను మీద అదే రికార్డు పెట్టారు. అవే బాకాలు, అదే ఆర్గాను, కాని పాట పరుగెడుతోంది! పిల్లల గొంతులు గుడి గంటల్లా ఖంగుమంటున్నాయి. జలుబూ లేదు, గిలుబూ లేదు. మా సారు పెట్టె నెమ్మదిగా తిరుగుతోందని నాకప్పుడు అర్థమైంది. ఆ మాట ఆయనకు చాటుగా చెప్పవచ్చు. ఉత్తరం రాయవచ్చు. నేనేం చేశాను? సెలవులకు వచ్చి, శనివారం వాకిట్లో ముప్పై మంది కూర్చున్నప్పుడు లేచి నిలబడి, "సారూ, మీ పెట్టె తప్పు తిరుగుతున్నది. మనం పదేండ్ల సంది తప్పు పాడుతున్నం" అన్నాను. అంతటితో ఊరుకున్నానా! వేగం సర్దే మీటకు తీగె చుట్టి ఉంటే, తలలోని పిన్ను తీసి ఆ తీగె ఊడదీసి, మీట జరిపాను. పాట ఒక్కసారిగా ఎగిరి దూకింది. పిల్లల గొంతులు విని జనం ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

సారు నవ్వలేదు. చివరిదాకా విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు, మళ్ళీ విన్నారు. తర్వాత లేచి, "బిడ్డ చెప్పింది ఖరే. మీట ఎంతల ఉంచాల్నో నాకెవ్వలు చెప్పలే. మన ఊపిరికి అందిన కాడ తీగెతోని కట్టిన. మీకు పదేండ్లు తప్పు నేర్పిన. మాఫ్ చేయుండ్రి" అని చేతులు జోడించారు. అంత పెద్దమనిషి చేతులు జోడించాక గాని నాకు బుద్ధి రాలేదు.

క్రిస్మస్ ఇంకా పది రోజులే ఉంది. పాడితే సరైన వేగంతోనే పాడాలని సారు పట్టుబట్టారు. "గా ఉరుకుడు మనకెందుకు సారూ? మనది మనకు మంచిగనే ఉండె" అని రాజయ్య మొత్తుకున్నాడు. సారు వినలేదు. పండుగ పొద్దున గుడిలో మొదలుపెట్టాం. రెండో చరణంలోనే మగవాళ్ళకు ఊపిరి అందలేదు. మొట్టమొదట ఆగిపోయింది మా బాపు. దగ్గు ఆపుకోలేక గోడకు తిరిగాడు. తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. పాట నట్టనడుమ తెగింది. సారు చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి కిందికి దిగింది.

ఆ మరుసటి సంవత్సరం పాటల గుంపును ఆయన నా చేతికి ఇచ్చారు. తాను వెనక బల్ల మీద కూర్చుని వినేవారు. నేను హార్మోనియంతో చిన్న చిన్న పాటలు పాడించాను. ఆ బృందగానం జోలికి పోలేదు. పరుగెత్తి పాడే శక్తి లేదు, నిదానంగా పాడిస్తే సారును దెప్పినట్టుంటుందని భయం. ఆరు సంవత్సరాలు అట్లాగే గడిచాయి. వాకిట్లో వినే శనివారాలు మాత్రం ఆయన మానలేదు. నన్ను చూసిన ప్రతిసారీ "రా బిడ్డా" అనే పిలిచారు. ఆ ప్రేమ నాకు దెబ్బకన్నా ఎక్కువ తగిలేది.

మొన్నటి క్రిస్మస్ నాటికి సారుకు ఆయాసం ముదిరి మంచం దిగలేని స్థితి. పండుగ మర్నాడు గరిజెలు తీసుకుని వెళ్ళాను. ఇక ఉండబట్టలేక మంచం పక్కన కూర్చుని, "సారూ, గా రోజు అందరి ముంగట నేను గట్ల అనకపోవాల్సింది" అన్నాను. ఏడ్చేశాను కూడా.

సారు నా వైపు వింతగా చూశారు. "ఖరేనే అంటివి గదా. దానికేంది? నాకు సమజ్ కానిది ఇంకోటి. పాట ఎందుకు బంద్ పెట్టినవు?"

"మీకు బాధైతదని."

"అరె! నాకు చాతకాకనే నీ చేతికిచ్చిన. నువ్వు పాడిస్తవని ఆరేండ్లు ఎనక బల్ల మీద కూసున్న." ఊపిరి కోసం ఆగి, మళ్ళీ అన్నారు. "నిదానంగనే పాడించు. తప్పైతే అయింది, అది మన పాట. నేను ముంగట నిలబడి చెయ్యి ఊపుడే గని, ఎన్నడు బయటికెళ్ళి ఇనలే బిడ్డా. ఒక్కసారి ఇనాలె."

ఆదివారం వస్తామని మాట ఇచ్చాను. పాత గుంపులో కొందరు వేరే బాయిలకు బదిలీ అయ్యారు, కొందరు లోకం విడిచారు. మిగిలింది పదకొండు మందిమి. బాపు కూడా దగ్గుకుంటూనే వచ్చాడు. మూడు రోజులు అభ్యాసం చేశాం. ఆదివారం నాటికి రెండు చోట్ల స్వరం జారుతోంది. పాడకపోయినా అభ్యాసం వినడానికి వచ్చి కూర్చునే రాజయ్య అన్నాడు: "గిట్లనే పోదాం పా. ముసలాయన కాసుకొని కూసున్నడు. తప్పులుంటే ఉండనీ."

నేను ఒప్పుకోలేదు. ఆయనకు మళ్ళీ తప్పు వినిపించనా? ఈసారి ఒక్క పొరపాటు లేకుండా వినిపించాలని నా పంతం. ఇంకో వారం అన్నాను. మార్తమ్మతో కబురు పంపితే సారు "సరే, ఫికర్ లేదు" అన్నారట. రెండో ఆదివారం నాటికి ఒక్క చోట మాత్రమే జారుతోంది. ఇంకో వారం అన్నాను. ఆ రెండు ఆదివారాలూ సాయంత్రం సారు మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుని, తలుపు తెరిపించి, మా అడుగుల చప్పుడు కోసం చెవి యొగ్గి ఉన్నారని మార్తమ్మ నాకు ఇప్పుడు చెప్పింది. శనివారం రాజయ్య వచ్చి ఆపమన్నప్పుడు మేము ఆ చివరి చోటునే దిద్దుకుంటున్నాం.

లాంపురూము కిటికీలో ఇంకొకరు కూర్చుంటారు. అట్లా వినే మనిషి మళ్ళీ మాకు దొరకడు. యాకోబు సారు పాదాలకు వందనం అని రాయడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు, అయినా రాస్తున్నాను.

ఆదివారం నాలుగు గంటలకు, సమాధుల తోటలో అందరూ పిడికెడు పిడికెడు మట్టి వేసిన తర్వాత, పదకొండు మందిమి నిలబడి ఆ పాట నిదానంగా పాడాం. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒక్క తప్పు కూడా దొర్లలేదు. తప్పులతో పాడినా చాలు, వింటానని రెండు ఆదివారాలు తలుపు తెరిచి కాచుకున్న మనిషి ఆ మట్టి కింద ఉన్నాడు.