ఊదమన్నది ఎవరు?

మా తోటికోడలు సుశీలకు నొప్పులు మొదలయ్యాయన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు సత్యవతి. నాట్లు వేస్తున్న మడిలోకే దిగి వచ్చి చెప్పింది. ఎనభైల మొదట్లో, దుమ్ముగూడెం అవతల మా ఊళ్లో జరిగిన సంగతి.

దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. బడికి పోలేదు గానీ, నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. రోజూ రాముడికి దండం పెట్టుకునేదాన్ని, దయ్యాలతో నాకేం పని?

వాగు పొంగి బస్సు రాలేదు. మంత్రసాని గంగమ్మే దిక్కయింది. మిట్టమధ్యాహ్నం మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఒళ్లంతా నీలం.

ఇక చూడండి, తలా ఒక వైద్యం. గంగమ్మ కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసింది. సత్యవతి చన్నీళ్లు చల్లింది. అత్తమ్మ బిడ్డ చెవి దగ్గర ఇత్తడి పళ్లెం వాయించడం మొదలుపెట్టింది.

"జర ఆపు అత్తమ్మా, చెవులు పోతున్నయ్!"

"నీకేం తెలుసే? నీ మొగుడు పుట్టినప్పుడు గిట్ల కొడితేనే ఏడ్చిండు!"

అప్పుడు వినిపించింది, ఒక ఆడగొంతు. "ఊదు."

మా దగ్గర సాంబ్రాణి పొగను కూడా ఊదు అనే అంటారు. "అవ్, ఊదు ఎయ్యాలె! జల్దీ నిప్పులు తే" అని అత్తమ్మ అరిచింది. సత్యవతి ఉరికింది. క్షణంలో గది నిండా పొగ. మాకే ఊపిరాడడం లేదు, ఊపిరే లేని బిడ్డకు పొగ! నాకు ఒళ్లు మండిపోయింది.

మళ్లీ అదే గొంతు, ఈసారి విసుగ్గా. "పొగ గాదే పిచ్చిదానా! నోట్ల ఊదు!"

బిడ్డను లాక్కున్నాను. నోట్లో జిగురు కొంగుతో తుడిచి మెల్లగా ఊదాను. ఎన్నిసార్లో గుర్తులేదు. ఎక్కిలి లాంటిదొకటి వచ్చింది, ఆ వెనకే ఏడుపు.

పొగ తగ్గాక అడిగాను. గంగమ్మ అన్నది తాను కాదంది. సత్యవతి గంగమ్మే అనుకుందట. సుశీల సోయిలో లేదు. గదిలో ఇంకో ఆడమనిషి లేదు. "నువ్వే అని, మమ్ముల అడుగుతవేందే?" అని అత్తమ్మ నన్నే కసిరింది. పోయేదాకా ఆ మాట మీదే ఉంది.

వాగు తీశాక భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరమ్మ బిడ్డను చూసి, "పుట్టంగనే గాలి అందకపోతే మెదడు దెబ్బతింటది. టైముకు ఊదిండ్రు, బతికిపోయిండు" అంది.

నాలుగేళ్ల కింద నా కూతురు రాజ్యం కూడా మా ఇంట్లో అదే గదిలో, అలాగే నీలంగా పుట్టింది. అప్పుడూ పళ్లెమే, పొగే. చాలాసేపటికి గానీ ఏడవలేదు. నాలుగేళ్లొచ్చినా మెడ నిలవదు, మాట రాదు. గ్రహణం పట్టిందన్నారు. నేనూ నమ్మి ఎన్ని తాయెత్తులు కట్టానో!

ఆ గొంతు ఎవరిదో ఈనాటికీ తెలియదు. ఎవరిదైనా నా దండాలు. ఆ పిల్లవాడు బడికి పోయాడు, లెక్కల్లో ముందుండేవాడు. కానీ దీపం పెట్టేటప్పుడల్లా, నాలుగేళ్లు ముందు రావడానికి నీకేమయిందమ్మా అని విసుక్కుంటూనే ఉంటాను.

రాజ్యం తొమ్మిదో ఏట పోయింది. మీ ఇంట్లో బిడ్డ పుట్టి కేరుమన్నప్పుడు, దాన్ని ఒక్కసారి తలుచుకోండి.