గొంతు లేకుండా చదవడం

మా పాప పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో నాకు అక్షరాలు వచ్చాయి. నేర్పింది పాపే. మాది గుత్తి వైపు వేరుశనగ వేసే మెట్ట ఊరు. వానలు పడకముందే విత్తనానికి కాయలు ఒలిచి పెట్టుకోవాలి. మిషన్‌కు వేస్తే గింజ మీద పొర చిట్లి సరిగా మొలవదని, విత్తనం కాయలు మా ఇంట్లో చేత్తోనే ఒలుస్తాం. చేతులు కాయల్లో ఉంటే పుస్తకం పట్టుకునేదెట్లా? అదీ పాప బాధ.

"నీకు చదవను వస్తే నేను వింటా ఒలుస్తా కదమా," అంది ఒకరోజు. అంటూనే చేటలో మిగిలిన దుమ్మును అరచేత్తో పరిచి, వేలితో అక్షరం రాసింది.

"ఈ వయసులో నాకెందుకు పాపా?"

"నీకు గాదులే, నాకు. నువ్వేమన్నా ఉద్యోగానికి పోతావా?" అని నవ్వింది.

ఆ ఏడు అక్షరాలు, మరుసటి ఏడు మాటలు. పాప ఇంటర్ ఆర్ట్స్ గ్రూపులో ముగించేసరికి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివే స్థితికి వచ్చాను. నిదానంగా, కూడబలుక్కుంటూ, గట్టిగా. గట్టిగా చదవకపోతే నాకు చదువు రాదు. పెదాలు మూస్తే అక్షరాలు అక్షరాలుగానే నిలబడిపోయేవి, మాటలయ్యేవి కావు. అనంతపురం బస్టాండులో బోర్డులు పైకి చదువుతుంటే జనం తిరిగి చూసేవాళ్ళు. పాప మోచేత్తో పొడిచి, "మా, లోపల చదువుకో," అనేది.

"లోపల ఎవరుండారే, వినేదానికి?" అనేదాన్ని.

పాపకు కలెక్టరు పరీక్ష రాయాలని చిన్నప్పటినుంచీ కోరిక. డిగ్రీ అనంతపురంలో తెలుగు తీసుకుని చదివింది. సెలవులకు వచ్చినప్పుడల్లా మాకు అదే పని. తను ఒలిచేది, నేను చదివేదాన్ని. చరిత్ర, రాజ్యాంగం, పేపర్లో వార్తలు. అర్థమైతే తల ఊపేది. కాకపోతే "ఇంగోసారి" అనేది. "క్లాసులో సారు చదివేది పరిగెత్తుతాది మా. నువ్వు చదివేది నడుస్తాది. నాకు నడిచేదే నిలబడ్తాది," అని చెప్పింది ఒకసారి. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో దానికి తెలియదు.

పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసేది. "ఏమక్కా, మీ ఇంట్లో రేడియో పొద్దున్నే ఎత్తుకునిందే!"

"ఊరికే వస్తాంది గదా, విను," అనేదాన్ని.

ఆ పరీక్షలో అందరికీ ఉండే పాఠాలు కాక ఇంకో సబ్జెక్టు ఎవరికి వారు ఎంచుకోవాలట. ఆప్షనల్ అంటారు. మాకు ఎంచుకునేదేముంది, తెలుగు సాహిత్యమే అనుకున్నాం. పాప ఆ పుస్తకాలు ముందే తెచ్చి పెట్టింది. పాత పద్యాలను నేను ఎక్కడపడితే అక్కడ విరగ్గొట్టి చదువుతుంటే, తను కాయలు ఒలుస్తూనే వాటిని అతికించి పాడేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

డిగ్రీ అయ్యాక అనంతపురంలో కోచింగులో చేరింది. నెల తిరక్కముందే ఒక సాయంత్రం బస్సు దిగి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. అన్నం ముందు కూర్చుని చెప్పింది. "సారు తెలుగు వద్దంటాండాడు నాయనా. దాంట్లో మార్కులు ఎట్ల వేస్తారో చెప్పలేమంట. ఆంత్రోపాలజీ తీసుకోమంటాండాడు. సిలబస్ చిన్నదంట, మార్కులు బాగా పడ్తాయంట."

"అంటే ఏందది?" అన్నాడు మా ఆయన.

"మనుషుల గురించి. ఎట్ల పుట్టినారు, ఎట్ల బతుకుతాండారు అని."

"దానికి కోచింగెందుకు? మన ఊరి టీ అంగడికాడ కూచుంటే సాలదా?" అని నవ్వాడు. పాప నవ్వలేదు. అప్పుడు ఆయన కూడా మాట మార్చాడు. "చూడు పాపా, బస్సెక్కేటప్పుడు అది యాడికి పోతాదో చూసుకోవల్ల గాని, సీటు మెత్తగుండాదా లేదా అని చూడకూడదు. సారుకు తెలియదా?"

పాప నా వైపు తిరిగింది. "నువ్వేమంటావు మా?"

తెలుగే అని గొంతు దాకా వచ్చింది. అది పాప కోసం అనాలనిపిస్తోందో, నా కోసం అనాలనిపిస్తోందో నాకే తెలియలేదు. అందుకే, "ఏది గెలిపిస్తాదంటే అది తీసుకో," అన్నాను.

కొత్త పుస్తకాలు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషు. తెలుగు పుస్తకాలు విత్తనాల సంచీలో కట్టి అటక మీద పెట్టింది. ఆ ఏడు కాయలు ఒలిచే రోజుల్లో ఇంటికొచ్చి నా ఎదురుగానే కూర్చుంది, చెవుల్లో వైర్లు పెట్టుకుని. ఫోనులో ఎవరో సారు ఇంగ్లీషులో పాఠం చెబుతున్నాడు. అప్పుడప్పుడు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వినేది. ఆ సారు పరిగెత్తుతున్నాడని నాకు అర్థమైంది. నేను పిలిచినా దానికి వినబడేది కాదు. నేను కూడా చేట ముందు పెట్టుకుని ఒలిచాను. నా చేతులు ఖాళీగా ఉండి చేసేదేముంది?

"ఏమక్కా, రేడియో చెడిపాయనా?" అంది పక్కింటామె. నేను ఇంకో గుప్పెడు కాయలు చేటలోకి పోసుకున్నాను.

మొదటి మెట్టు గెలిచింది. రెండో పరీక్ష విజయవాడ పోయి రాసి వచ్చింది. పోయింది. మరుసటి ఏడు మళ్ళీ రాసింది. మళ్ళీ అక్కడే పోయింది. రెండుసార్లూ తక్కువ పడింది ఆ సబ్జెక్టులోనే. "తెలిసింది నాయనా, అంతా తెలిసింది. ఇంగ్లీషులో పెట్టేకి రాలేదు," అంది. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చేనుకు పోయాడు. ఆ వేళప్పుడు చేన్లో పనేమీ లేదు.

ఇంక రాయనని చెప్పేసింది. ఇప్పుడు గుత్తిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు చెబుతోంది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తుంది.

మొన్న ఎండాకాలం బడి సెలవుల్లో మళ్ళీ ఇద్దరం కాయల ముందు కూర్చున్నాం. దాని చెవుల్లో వైర్లు లేవు. అది చూసి నాకు ఆశ పుట్టింది. అటక మీది సంచీ దించి, దుమ్ము దులిపి, పద్యాల పుస్తకం తీశాను. మునుపటిలాగే విరగ్గొట్టి చదివాను. అది అతికించలేదు. నాలుగో పాదం దగ్గర దాని చేతుల్లో కాయలు పగిలే చప్పుడు ఆగిపోయింది.

"ఆపుమా."

"ఏం పాపా, బాగలేదా?"

"బాగుండాది. బాగుండాది కాబట్టే ఆపమంటాండా." తల ఎత్తలేదు. "నీ గొంతు వింటే ఇంగా రాయాల్సిన పరీక్ష ముందర ఉన్నట్లే ఉంటాది మా. నేను తట్టుకోలేను."

పుస్తకం మూశాను. కానీ అక్షరాలు వచ్చిన మనిషి మళ్ళీ రాని మనిషి కాలేదు. గొంతు లేకుండా చదవడం ఆ తర్వాతే నేర్చుకున్నాను, ఎవరూ నేర్పకుండా. మొదట కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అయినా శబ్దం పక్కలనుంచి జారేది. తర్వాత పెదాలు మాత్రం కదిలేవి. ఇప్పుడు అవి కూడా కదలవు. లోపల ఎవరున్నారని అడిగేదాన్ని కదా. లోపల వింటున్నది పాపే, పదో తరగతి పాప, చేట ముందు కూర్చుని.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి, నా ఒళ్ళో పుస్తకం చూసి గడప దగ్గర నిలబడింది.

"చదువుతాండావా మా, ఊరికే చూస్తాండావా?"

"ఊరికే చూస్తాండా," అన్నాను.

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. నీళ్ళ చప్పుడు వినబడేదాకా ఆగి, చప్పుడు కాకుండా పేజీ తిప్పాను.